ఊళ్ళో సిగ్నల్ ఉంటే చాలదు... దారిలోనూ ఉండాలి
టవరు నుంచి టవరుకు చేతులు మారడంలోనే ఉంది కిటుకంతా

అరకులోయ (మా విలేఖరి): ఊళ్ళో నాలుగు గీతలు చూపించిన సెల్‌ఫోను బస్సు ఘాట్ రోడ్డు ఎక్కేసరికి మూగబోతుంది. మాట సగంలో తెగిపోతుంది. టిక్కెట్టుకు ఫోనులో పంపిన డబ్బు చేరిందో లేదో తెలియక ప్రయాణికుడు, కండక్టరు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఇవన్నీ ఓర్చుకోదగ్గ ఇబ్బందులే. పురిటి నొప్పులు పడుతున్న మనిషిని ఎక్కించుకుని కొండ దిగుతున్న 108 వాహనం నుంచి ఆసుపత్రికి కబురు అందకపోతే మాత్రం అది ఓర్చుకోదగ్గది కాదు.

"మా ఊరికి టవరు వచ్చింది కదా, ఇంకేం కావాలి?" అనుకునేవారు ఉన్నారు. ఊరికి టవరు రావడం ఒక ఎత్తు. కదిలిపోయే మనిషికి సంబంధం తెగకుండా చూడడం మరొక ఎత్తు.

పల్లకీ భుజం మారినట్లు

ఒక్కో టవరు తన చుట్టూ కొంత మేరకే పలుకుతుంది. ఆ మేరను 'సెల్' అంటారు. సెల్‌ఫోనుకు ఆ పేరు అందుకే వచ్చింది. మనిషి ఒక సెల్ దాటి మరో సెల్‌లోకి పోతున్నప్పుడు పాత టవరు అతని ఫోనును కొత్త టవరుకు అప్పగించాలి. పల్లకీ నేలకు తగలకుండా బోయీలు భుజం మార్చుకున్నట్లే ఇదీ జరగాలి.

మన జేబులో ఉన్న ఫోను ఊరికే కూర్చోదు. పక్క టవర్లు ఎంత బలంగా వినిపిస్తున్నాయో కొలుస్తూ ఉంటుంది. ఒక పక్క టవరు ఇప్పుడున్న దానికంటే కొంత బలంగా, కొద్దిసేపు నిలకడగా వినిపిస్తే ఆ సంగతి తన టవరుకు చెబుతుంది. అప్పుడు పాత టవరు కొత్త టవరును "మా మనిషి వస్తున్నాడు, చోటుందా?" అని అడుగుతుంది. చోటు ఖాయమయ్యాక ఫోనును అటు పొమ్మంటుంది. ఈలోగా పాత టవరుకు వచ్చిన సమాచారాన్ని పారేయకుండా కొత్త టవరుకు మళ్ళిస్తుంది. టవర్లు ఎన్ని మారినా ఇంటర్నెట్టులో ఆ ఫోను చిరునామా సాధారణంగా మారదు. ఆ చిరునామాను కాపాడేది కంపెనీ ప్రధాన కేంద్రం.

4జీలో ఫోను పాత టవరును విడిచాకే కొత్తదాన్ని పట్టుకుంటుంది. మధ్యలో పోయేది సెకనులో సుమారు 20వ వంతు. మనకది తెలియను కూడా తెలియదు. 2020లో ఖరారైన 5జీ ప్రమాణాల్లో మరో రెండు ఉపాయాలు చేరాయి. కొత్త టవరు అందేదాకా పాతదాన్ని విడవకుండా ఉండడం ఒకటి. "ఫలానా స్థితి వస్తే ఫలానా టవరుకు పో" అని ఫోనుకు ముందే చెప్పి ఉంచడం రెండోది.

ఈ అప్పగింత ఆలోచన కొత్తది కాదు. మాట తెగకుండా సెల్ మారే పద్ధతికి అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ఇంజనీరు ఏమోస్ జోయెల్ 1972లోనే పేటెంటు పొందారు. మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది. 5జీ సేవలు 2022 అక్టోబరు 1న మొదలయ్యాయి.

తెగేది ఎక్కడ?

భుజం మారాలంటే ఇద్దరు బోయీలూ ఒకేచోట ఉండాలి. అలాగే రెండు టవర్ల మేరలు కొంత దూరం ఒకదానిమీద ఒకటి పడాలి. మైదానంలో ఇది సులువు. మన్యంలో మలుపు తిరగగానే కొండ అడ్డం వస్తుంది. పాత టవరు హఠాత్తుగా వినిపించకుండా పోతుంది. కొత్తది ఇంకా అందదు. అప్పగించమని చెప్పే మాట కూడా ఫోనుకు చేరదు. కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో 50కి పైగా సొరంగాలున్నాయి. సొరంగం లోపల ప్రత్యేక ఏర్పాటు చేస్తే తప్ప బయటి టవరు లోపలికి పలకదు.

కారణం ఎప్పుడూ కొండే కానక్కరలేదు. కరెంటు పోయి, బ్యాటరీ అయిపోయి నడుమ ఒక టవరు ఆగితే గొలుసులో ఒక కొక్కెం ఊడినట్లే. సంతనాడు పక్క టవరు కిక్కిరిసి ఉంటే వచ్చినవారికి చోటు లేదంటుంది. రెండు టవర్లు సరిసమానంగా పలికేచోట ఫోను అటూ ఇటూ గెంతుతూ ఉంటుంది. అలా గెంతినంతసేపూ వీడియో ఆగి ఆగి నడుస్తుంది.

ఇంకొక కారణం తెలుసుకోదగ్గది. ప్రతి టవరు వద్ద ఇరుగుపొరుగు టవర్ల జాబితా ఉంటుంది. కొత్తగా కట్టిన టవరు ఆ జాబితాకు ఎక్కకపోతే, అది పక్కనే ఉన్నా పాత టవరు దానికి ఫోనును అప్పగించలేదు. అటువంటి చోట కొత్త టవరు కట్టనక్కరలేదు. జాబితా సరిచేస్తే చాలు. అయితే ఫలానా చోట తెగుతోందని ఎవరో ఒకరు చెప్పాలి కదా!

ప్రభుత్వం ఏం చేసింది?

టవరు అందని 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వడానికి కేంద్ర మంత్రివర్గం 2022 జూలైలో 26,316 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. కేంద్ర నిధితో కట్టిన టవరును ఒక్క కంపెనీయే కాక బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో వినియోగదారులందరూ వాడుకునే ఏర్పాటు 2025 జనవరి 17న ప్రారంభమైంది. కంపెనీలు తమ సేవలు ఎక్కడెక్కడ అందుతున్నాయో చూపే పటాలను ప్రజలకు అందుబాటులో ఉంచాలని ట్రాయ్ 2024 నిబంధనల్లో ఆదేశించింది. ఇవన్నీ మంచివే. కాని లెక్కలు గ్రామాలను బట్టి వేస్తున్నారు. ఊరికీ ఊరికీ నడుమ ఉన్న దారి ఏ గ్రామం లెక్కలోకి వస్తుంది?

మనం చేయదగ్గవి

డబ్బు పంపే పని బస్సు కదలకముందే ముగించుకోవడం మేలు. దారిలో పంపిన డబ్బు మన ఖాతాలో తగ్గి, అవతలివారికి చేరకపోతే కంగారుపడి మళ్ళీ పంపకూడదు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో పెట్టిన గడువుల ప్రకారం యూపీఐలో ఒక వ్యక్తికి పంపిన సొమ్ము మరుసటి రోజుకు, దుకాణదారుకు పంపినదైతే 5 రోజులకు తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే బ్యాంకు రోజుకు 100 రూపాయలు ఇవ్వాలి.

ఫోనులో నెట్‌వర్కు ఎంపికను 'ఆటోమేటిక్'లోనే ఉంచాలి. ఆపద సమయంలో మన కంపెనీ టవరు అందకపోయినా 112 నొక్కి చూడాలి. మరో కంపెనీ టవరు అందితే దాని ద్వారానైనా ఆ ఫోను వెళ్ళే వీలుంది. రోగిని తరలించేటప్పుడు వాహనం కదలకముందే ఆసుపత్రికి విషయమంతా చెప్పి బయలుదేరడం క్షేమం.

మాట తెగినచోటు గుర్తుపెట్టుకోవాలి. "మా దగ్గర సిగ్నల్ లేదు" అంటే ఇంజనీరుకు ఏమీ అర్థం కాదు. "ఫలానా కిలోమీటరు రాయి నుంచి ఫలానా మలుపు దాకా, కొండ దిగేటప్పుడు తెగుతోంది" అంటే వెతకడానికి దారి దొరుకుతుంది. కంపెనీకి ఫిర్యాదు చేసి దాని నంబరు రాసుకోవాలి. పని కాకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి ఆ నంబరు చూపి అడగవచ్చు.

గ్రామసభలో టవరు కోసం తీర్మానం చేసేటప్పుడు ఊరి పేరుతో ఆపకుండా, ఊరి నుంచి ఆసుపత్రి దాకా పోయే దారిని కూడా అందులో చేర్చడం అవసరం. జిల్లా అధికారులు, కంపెనీలవారు కలిసి ఘాట్ రోడ్డు మీద ఒకసారి 108 వాహనంలోనే ప్రయాణించి, ఎక్కడెక్కడ ఫోను తెగుతోందో రాసుకుంటే బాగుంటుంది. రోగి ప్రాణం పోయేదీ నిలిచేదీ తరచు ఆ దారిలోనే.