మూడు మిల్లీమీటర్ల తేడా

కింద బుడ్డి, పైన సన్నటి కాడ. పాల కేంద్రంలో లాక్టోమీటరు చూసినవారికి ఆ ఆకారం గుర్తుండే ఉంటుంది. అది అలాగే ఎందుకుండాలో తెలియాలంటే, ముందు బుడ్డి లేనిదొకటి ఇంట్లో చేసి చూడాలి.

ప్లాస్టిక్ స్ట్రా ఒకటి తీసుకోండి, కాగితందైతే నానిపోతుంది. ఒక కొసను ఎంసీల్‌తో మూసి, గట్టిపడ్డాక సైకిల్ బేరింగు బాల్స్‌లో స్ట్రాలో పట్టేంత చిన్నవి నాలుగైదు లోపలికి జారవిడవండి. పైభాగం కోసేసిన లీటరు సీసాలో నీళ్లు నింపి వదిలితే, బరువంతా అడుగునే ఉంది కనుక స్ట్రా నిటారుగా తేలుతుంది. ఒక బాల్ వేసో తీసో 10 సెంటీమీటర్లు మునిగేలా చూసుకుంటే లెక్క తేలిక. నీటిమట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టండి.

తేలే వస్తువు తన బరువుకు సమానమైన బరువున్న ద్రవాన్ని పక్కకు నెడుతుంది. ఆర్కిమెడీస్ సూత్రం చెప్పేది ఇదే. స్ట్రా బరువు మారదు. కాబట్టి సాంద్రత ఎక్కువున్న ద్రవంలో కొంచెం మునిగితే చాలు, తక్కువైతే ఇంకా దిగాలి. ఉప్పు ఇక కరగక అడుగున మిగిలేదాకా కలిపిన నీటి సాంద్రత మామూలు నీటికి 1.2 రెట్లు, అందులో స్ట్రా 8.3 సెంటీమీటర్లే మునుగుతుంది. కొబ్బరినూనెలో దాదాపు 11 దాకా దిగుతుంది. చూడ్డానికి నూనె నీటికన్నా చిక్కనే, కానీ చిక్కదనం వేరు, సాంద్రత వేరు.

ఇప్పుడు పాలు. సాంద్రత సుమారు 1.03 గనుక స్ట్రా 9.7 దగ్గర ఆగుతుంది. నీటికీ పాలకూ తేడా 3 మిల్లీమీటర్లు! పాలలో పావువంతు నీళ్లు కలిస్తే గీత మిల్లీమీటరు కూడా కదలదు. దీంతో ఎవరి కల్తీ పట్టుకోగలం?

అందుకే బుడ్డి. మూతతో కలిపి 20 మిల్లీలీటర్ల నీటిని నెట్టే మందుసీసా మూతకు బెజ్జం పెట్టి, స్ట్రాను దూర్చి, సందులు ఎంసీల్‌తో మూయండి. సీసా పూర్తిగా మునిగి, నీటిమట్టం స్ట్రా మీదికి వచ్చేలా లోపల బాల్స్ వేయాలి. ఈసారి నీటికీ పాలకూ తేడా 2 సెంటీమీటర్లు దాటుతుంది. ఎక్కువ ద్రవాన్ని నెట్టేది సీసా. మిగిలిన కాస్త తేడాను సన్నటి స్ట్రా పొడవుగా సాగదీసి చూపిస్తుంది. పావువంతు నీళ్లు కలిపినా అర సెంటీమీటరు కదులుతుంది.

అయినా మోసానికి దారి ఉంది. వెన్న నీటికన్నా తేలిక. దాన్ని తీసేస్తే మిగిలిన పాల సాంద్రత పెరుగుతుంది. ఆపైన తగినన్ని నీళ్లు పోస్తే లాక్టోమీటరు మళ్లీ మంచి పాలనే చెబుతుంది. పాల కేంద్రాల్లో వెన్నశాతం విడిగా కొలవడానికి ఇదీ ఒక కారణం.