ఫిల్టర్ జగ్గు పనితనం: పేరేసంద్ర బోరు నీటితో ఒక లెక్క

చిక్కబళ్లాపురం నుంచి బాగేపల్లి వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది పేరేసంద్ర. ఈ ఊరికే కాదు, అటు బాగేపల్లికీ ఇటు చింతామణికీ కూడా ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. చిత్రావతి, పాపాగ్ని ఈ జిల్లా కొండల్లోనే పుడతాయి గానీ వానొస్తేనే వాటిలో నీళ్లు. తాగడానికి బోర్లే దిక్కు. వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. అంత లోతున గ్రానైటు పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలోకి రాతిలోని ఫ్లోరైడ్ కరిగి చేరుతుంది. పల్లెల్లో పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలకు కారణం అదే.

బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లలు ఈ మధ్య ఇంటికి ఫిల్టర్ జగ్గులు తెస్తున్నారు. పైన నీళ్లు పోస్తే మధ్యలోని కాట్రిడ్జి గుండా దిగి, కింద తాగడానికి సిద్ధంగా ఉంటాయి. కరెంటు అక్కర్లేదు, కుళాయికి బిగించే పని లేదు. అది ‘బాగా పనిచేస్తుందా’ అని అడిగితే జవాబు దొరకదు. దేన్ని తీయడంలో, ఎంత శాతం, ఎన్ని లీటర్ల వరకు అని అడిగితేనే దొరుకుతుంది.

ముందు హద్దులు చూద్దాం. భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత కూడా 1.5 దగ్గరే. నీటిలో కరిగిన మొత్తం లవణాలకు, అంటే టి.డి.ఎస్.కు, కోరదగిన హద్దు 500, గత్యంతరం లేనప్పుడు 2,000. నైట్రేటుకు 45.

ఇప్పుడు మీ బోరులో ఫ్లోరైడ్ 2.5 ఉందనుకోండి. దాన్ని 1కి దించాలంటే ఫిల్టరు 60 శాతం తీయాలి. 4 ఉంటే 75 శాతం, 1.5 ఉంటే 33 శాతం చాలు. కాబట్టి పక్కింటి జగ్గు గురించి విన్న మాట మీ ఇంటికి పనికిరాదు. ముందు మీ నీటి అంకె మీకు తెలియాలి.

బ్రిటా వంటి మామూలు జగ్గుల కాట్రిడ్జిలో రెండు వస్తువులుంటాయి. ఒకటి యాక్టివేటెడ్ కార్బన్, అంటే ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు పలుకులు. ఇవి క్లోరిన్ వాసననూ కొన్ని సేంద్రియ రసాయనాలనూ పట్టుకుంటాయి. రెండోది కాల్షియం, సీసం, రాగి వంటి ధన అయాన్లను పట్టే రెజిన్ పూసలు. ఫ్లోరైడ్ రుణ అయాన్ కాబట్టి ఈ రెజిన్‌కు దొరకదు, బొగ్గుకూ చిక్కదు. నైట్రేటు సంగతీ అంతే. రుచి మారుతుంది, టీ మీద తేలే తెట్టు తగ్గుతుంది, ఫ్లోరైడ్ మాత్రం దాదాపు ఉన్నంతా గ్లాసులోకి వస్తుంది. క్లోరిన్ కలిపిన కావేరీ నీళ్లు కుళాయిలో వచ్చే బెంగళూరు ఇంటికి ఈ జగ్గు సరిపోవచ్చు. మన బోరు నీటికి అది మందు కాదు.

కాట్రిడ్జి ఆయుష్షు సుమారు 150 లీటర్లని ఇలాంటి జగ్గుల మీద రాసి ఉంటుంది. ఎండలో పనిచేసే ఐదుగురున్న ఇంట్లో తాగడానికి మనిషికి 3 లీటర్ల చొప్పున 15, అన్నానికీ రాగి సంగటికీ పప్పుకూ మరో 10, మొత్తం రోజుకు 25 లీటర్లు వేసుకోండి. 150 లీటర్లు ఆరు రోజుల్లో అయిపోతాయి. వంట నీళ్లు వదిలేసి తాగేవే వడకడదామంటే కుదరదు, సంగటిలో ఇంకిన నీటితో పాటే ఫ్లోరైడూ కడుపులోకి పోతుంది. కాచినా లాభం లేదు. 10 లీటర్లు మరిగి 8 లీటర్లయితే క్రిములు చస్తాయి, కానీ 2.5 ఉన్న ఫ్లోరైడ్ 3.1కి పెరుగుతుంది.

ధన, రుణ అయాన్లు రెంటినీ పట్టే రెజిన్లు కలిపిన జగ్గులూ ఉన్నాయి. ఇవి కొత్తలో టి.డి.ఎస్.ను సున్నాకు దించుతాయి, ఫ్లోరైడ్‌నూ తీస్తాయి. కానీ రెజిన్‌కు ఎంత ఉప్పు పట్టే శక్తి ఉందో అంతే. టి.డి.ఎస్. 50 లోపు ఉన్న నీటిలో 150 లీటర్లు నడిచే కాట్రిడ్జి, 400 దాటిన నీటిలో 30 లీటర్లకే నిండిపోతుంది. మన ఇంటికి అది ఒక రోజు పైచిలుకు మాట. పైగా ఈ రెజిన్ పట్టు ఫ్లోరైడ్ మీద చాలా బలహీనం. నిండుతున్నప్పుడు మిగతా లవణాల కంటే ముందు జారిపోయేది అదే.

టి.డి.ఎస్. పెన్ను ముంచి చూపించి ఫిల్టర్లు అమ్మేవాళ్లు చాలామంది. ఆ పెన్ను కొలిచేది నీటి విద్యుత్ వాహకతను. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ వల్ల పెన్ను మీద అంకె ఐదారు పెరుగుతుందంతే. టి.డి.ఎస్. 800 ఉన్న నీటిలో, 2 శాతం తేడా మామూలుగా ఉండే పెన్ను 16 అటూ ఇటూ చూపుతుంది. అంటే ఫ్లోరైడ్ మొత్తం పోయినా ఆ పెన్నుకు తెలియదు, మొత్తం ఉన్నా తెలియదు. అయితే ఆర్.ఓ. యంత్రం దగ్గర మాత్రం ఆ పెన్ను అక్కరకొస్తుంది. ఆర్.ఓ. పొర లవణాలన్నిటినీ కలిపి ఆపుతుంది కనుక, మొన్న 60 ఉన్న అంకె నేడు 200 అయిందంటే పొర చెడుతోందని అర్థం. ఐదు రూపాయల బిళ్ల వేసి క్యాను నింపుకునే పంచాయతీ ప్లాంటు దగ్గర ఇలా చూడటం మంచిది.

ఇంటి ఆర్.ఓ. ఫ్లోరైడ్‌ను చాలావరకు ఆపుతుంది, దాని ఖర్చు నీటిలో ఉంది. నాలుగో వంతు నీరే శుద్ధమై మిగతా మూడు వంతులూ బయటికి పోతే, 20 లీటర్ల మంచినీళ్ల కోసం 60 లీటర్లు వదలాలి. ఆ వదిలిన నీటిలో ఫ్లోరైడ్ 2.5 నుంచి 3.25 దాకా చేరుతుంది. అది అంట్లకూ నేల కడగడానికీ వాడుకోవచ్చు. పశువుల తొట్లో మాత్రం పోయకండి.

ఏ ఫిల్టరునైనా పరీక్షించే పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఒకే కుళాయి నీటిని నాలుగు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాల్లో పట్టండి: వడకట్టనిది, కొత్త కాట్రిడ్జితో వడకట్టింది, సగం ఆయుష్షులో వడకట్టింది, చివర్లో వడకట్టింది. గాజుతో ఫ్లోరైడ్ చర్య జరుపుతుంది కనుక గాజు సీసాలు వద్దు. జల జీవన్ మిషన్ కింద గ్రామాలకిచ్చిన పరీక్ష కిట్లలో రంగు పోల్చి ఫ్లోరైడ్ చూసే వీలుంది, కచ్చితమైన అంకెకు మాత్రం గ్రామీణ తాగునీటి శాఖ ప్రయోగశాలకు పంపాలి. తొలి అంకెలోంచి మలి అంకె తీసేసి, తొలి అంకెతో భాగించి, 100తో గుణిస్తే ఫిల్టరు పనితనం శాతంలో వస్తుంది. 2.4 నీరు 2.2 అయితే పనితనం 8 శాతం, ఇంకా హద్దుకు రెట్టింపు పైనే ఉంది. కొత్త కాట్రిడ్జి అంకె ఒక్కటే చూసి మురిసిపోవద్దు. చివరి సీసా అంకెనే నమ్మాలి.

క్రిముల లెక్క వేరు. 99 శాతం అనే మాట పెద్దగా వినిపిస్తుంది గానీ, లక్ష బాక్టీరియా ఉన్న నీటిలో వెయ్యి మిగులుతాయి. ఇంటి ఫిల్టర్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చే అత్యున్నత శ్రేణికి బాక్టీరియాలో 99.99 శాతం, వైరస్‌లలో 99.999 శాతం పోవాలి. మామూలు బొగ్గు జగ్గు ఆ పనికి చేసింది కాదు. క్లోరిన్‌ను తీసేస్తుంది కనుక వడకట్టిన నీటికి రక్షణ కూడా తగ్గుతుంది.

మన తెలుగువాళ్లకు ఫ్లోరైడ్ తెచ్చే జబ్బు కొత్తది కాదు. దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి 1937లో నమోదు చేసింది నేటి ప్రకాశం జిల్లా ప్రాంతంలోనే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. ఇన్నేళ్ల అనుభవం తర్వాత కూడా అందరికీ అందే ఉత్తమ మార్గం ఫ్లోరైడ్ లేని నీటిని తెచ్చుకోవడమే.

ఆ నీరు మన మిద్దె మీదే పడుతోంది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడితే, ఐదో వంతు పోయినా 52 వేల లీటర్లు చేతికొస్తాయి. రోజుకు 25 లీటర్ల చొప్పున తాగడానికీ వంటకూ ఏడాదికి కావలసింది 9,125 లీటర్లు. వాన నీటిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. తొలి వానను వదిలేసి, మూత ఉన్న 5,000 లీటర్ల ట్యాంకు నింపుకుంటే 200 రోజులు గడుస్తాయి. ఆ నీటిని కాచి చల్లార్చి తాగొచ్చు, రుచి కోసమైతే కాచే ముందు జగ్గులో వడకట్టుకోవచ్చు.

జగ్గు కొనేముందు అమ్మేవాళ్లను ఒకటే అడగండి: మా నీటి టి.డి.ఎస్.లో, ఎన్నో లీటరు దాకా ఫ్లోరైడ్ 1 లోపు ఉంటుందో కాగితం మీద రాసిస్తారా? రాసివ్వలేకపోతే ఆ డబ్బు ట్యాంకుకు దాచుకోండి. ఈ వారమే ఒక ప్లాస్టిక్ సీసాలో మీ బోరు నీళ్లు పట్టి పంచాయతీకి తీసుకెళ్లండి.