‘రన్’: ఒక్క క్రియలో వందల అర్థాలు

ఆంగ్లంలో ‘రన్’ అనే క్రియకు పరుగెత్తడం అనే అర్థం బడిపిల్లలకు సైతం తెలిసినదే అయినా, ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ సంపాదకుల్లో ఒకరైన పీటర్ గిలివర్ నెలల తరబడి శ్రమించి ఈ ఒక్క క్రియకే 645 అర్థాలను వేరుచేసి చూపారు. 1989లో వెలువడిన ఆ నిఘంటువు రెండవ కూర్పులో 430 అర్థాలతో ‘సెట్’ అనే క్రియదే అతి పెద్ద ఆరోపం, అంటే నిఘంటువులో ఒక పదానికి ఇచ్చే వివరణ మొత్తం.

ఒకే పదం ఇలా సంబంధం గల పలు అర్థాలను ఇవ్వడాన్ని నానార్థకత అంటారు. దీనికి ‘పాలిసెమీ’ అనే పేరును ఫ్రెంచి భాషావేత్త మిషెల్ బ్రేయాల్ 1897లో తన గ్రంథం ద్వారా ప్రచారంలోకి తెచ్చాడు. గబ్బిలాన్నీ, క్రికెట్ ఆటగాడి చేతిలోని కర్రనూ సూచించే ‘బ్యాట్’ వంటివి ఈ కోవలోకి రావు, ఎందుకంటే అవి వేర్వేరు మూలాల నుంచి వచ్చి, రూపంలో మాత్రమే ఒకటైన రెండు పదాలు.

‘రన్’ అర్థాల్లో చాలావాటిని కలిపే సూత్రం ఎడతెగని కదలిక. దీనికి జ్ఞాతి పదమైన జర్మన్ ‘రిన్నెన్’కు నీరు పారడం అనే అర్థం ఉండగా, ఆంగ్లంలోనూ కుళాయి నీరు, జలుబు చేసిన ముక్కు, ఉతికితే దిగే బట్టల రంగు ఈ క్రియనే ఆశ్రయిస్తాయి. కదలని రోడ్డు ఊరి నుంచి ఊరికి సాగుతుందన్నా, నాటకం నెలల పాటు ఆడిందన్నా ఇదే మాట వాడతారు. యంత్రాలు వచ్చాక ఇంజన్ నడవడానికీ, కంప్యూటర్లు వచ్చాక ప్రోగ్రాం పనిచేయడానికీ ఇదే సరిపోయింది. కర్మను చేర్చుకున్నప్పుడు ఇది హోటల్ నడపడం, సంస్థను నిర్వహించడం వంటి అర్థాలనిస్తుంది. ఎన్నికల్లో పోటీచేయడాన్ని అమెరికావారు ‘రన్’ అంటే, బ్రిటన్‌వారు తెలుగువారిలాగే నిలబడడం అంటారు.

ఈ గుణం ఆంగ్లానికే పరిమితమైనది కాదు, తెలుగుకూ ఉంది. కాలువలో నీరు పారుతుంది, దొంగ పారిపోతాడు, జూదరి పాచిక పారుతుంది. అలాగే పిల్లలు ఆడుకుంటారు, సినిమా వంద రోజులు ఆడుతుంది, ఉక్కపోతలో ఊపిరాడదు, కంగారులో కాళ్లూ చేతులూ ఆడవు. ఈ ప్రయోగాల్లో ఏ ఒక్కటీ తెలుగువారిని తికమకపెట్టకపోవడానికి కారణం, పక్కనున్న పదమే అర్థాన్ని నిర్ణయించడం.

ఆంగ్లం నేర్చుకునేవారికి ఇందులో గట్టి పాఠం ఉంది. ‘రన్’ పక్కన ‘అవుట్’ చేరితే సరుకు నిండుకోవడం, ‘ఓవర్’ చేరితే వాహనం ఎవరి మీదుగానో పోవడం, ‘ఇన్‌టూ’ చేరితే అనుకోకుండా ఎదురుపడడం వంటి అర్థాలు వస్తాయి కనుక, వందల అర్థాలను జాబితాగా కంఠస్థం చేయడం కంటే, కర్త ఎవరో, కర్మ ఏదో, వెంట చేరిన చిన్న పదమేమిటో గమనిస్తూ పూర్తి వాక్యాలను చదివి గుర్తుంచుకోవడమే మేలైన మార్గం.