మంచుబాటపై మహాశక్తి

ఎంతటి బలము గల కారైనను భూమిని తాకునది నాలుగే చోట్ల. ఒక్కొక్క చోటు మన అరచేతికంటె అట్టే పెద్దది కాదు. ముందుకు నడచుట, నిలుచుట, మలుపు తిరుగుట అను మూడు పనులును ఆ కొలది రబ్బరు వలననే జరుగవలెను. బాట పొడిగా నున్నంతకాలము ఆ రబ్బరు అడిగినంత పట్టు నిచ్చుచుండుటచేత నడుపువానికి దాని ఉనికియే స్ఫురింపదు. హిమము కురిసిననాడు ఆ పట్టు హఠాత్తుగా క్షీణింపగా, అంతవరకు తన అధీనమున నున్నదని నమ్మిన యంత్రము ఆ పట్టునకే అధీనమై యుండెనని వానికి తెలియవచ్చును.

ఈ విషయమును విచారించుటకు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రము తగిన తావు. ఫోర్డు సంస్థ 1964 ఏప్రిల్ 17వ తేదీన న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనమున లోకమునకు చూపిన మస్టాంగు కారు మొదట అక్కడి డియర్‌బోర్నులో తయారై, ఇప్పుడు ఫ్లాట్ రాకు కర్మాగారమున తయారగుచున్నది. ఇంజను ముందు, బలము వెనుక చక్రములకు అను అమరిక ఆరు దశాబ్దములుగా మారలేదు, నేటి జి.టి. రకపు ఇంజను సుమారు 480 అశ్వశక్తి గలది. ఆ ప్రాంతపు వాహన సంస్థలలో పనిచేయు తెలుగువారు నోవై, ట్రాయ్, కాంటన్ మున్నగు ఊళ్లలో ఎందరో కాపురమున్నారు. చదువు ముగిసి ఉద్యోగము దొరికిన యువకునికి చిరకాలవాంఛితమైన అట్టి కారు అక్కడ అందుబాటులోనికి వచ్చుటచే, మంచు అనునది చలనచిత్రములలో తప్ప కానని గుంటూరు, కరీంనగరు బిడ్డలు తొలి డిసెంబరులోనే ఈ పరీక్షకు నిలువవలసి వచ్చుచున్నది. వారి క్షేమమును కోరియే ఈ మాటలు వ్రాయుచున్నాను.

వెనుక చక్రములకు బలము నిచ్చు పద్ధతియే దోషభూయిష్ఠమని తలపరాదు. పొడి బాటపై వేగము హెచ్చించినప్పుడు బండి బరువు వెనుకకు ఒరిగి ఆ చక్రములనే నేలకు అదిమిపట్టును; ముందు చక్రములు మలుపు పనికే మిగులుటచే స్టీరింగు స్వచ్ఛముగా పలుకును. కాని ఇంజను ముందుండుటచే సగమునకు మించిన బరువు ముందు ఇరుసుపైననే యుండును. మంచుపై వేగము తటాలున హెచ్చదు గనుక బరువు వెనుకకు చాలినంత రాదు. తేలికయైన వెనుక చక్రములపై ఇంజను బలమంతయు వచ్చి పడును. మలుపులో యాక్సిలరేటరును ఇసుమంత ఎక్కువ త్రొక్కినచో ఆ చక్రములు గిరగిర తిరిగి ప్రక్కపట్టును కోల్పోవగా, బండి తోక వెలుపలికి జారి ముక్కు లోపలికి తిరుగును. ఇది పలువు రెరిగిన ప్రమాదమే. అంతగా ఎరుగనిది రెండవది: భయపడి యాక్సిలరేటరు మీదినుండి కాలిని చటుక్కున తీసివేసినను తోక జారవచ్చును. ఏలనగా, అప్పుడు బరువు ముందుకు ఒరిగి వెనుక చక్రములు మరింత తేలికపడును, ఇంజను వాటి భ్రమణమును అరికట్టజూచును. గేరును తొందరపడి తగ్గించి క్లచ్చిని గభాలున వదలినను ఫలితమదియే. కనుక శక్తిని హెచ్చించుట యొక్కటే కాదు, దానిని ఏ దిశలోనైనను అకస్మాత్తుగా మార్చుట అపాయమని గ్రహింపవలెను.

వేగమును గూర్చి కొంత గణితము అవసరము. గంటకు 72 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 20 మీటర్లు పోవు బండి, ఘర్షణ గుణకము 0.8 గల పొడి తారుబాటపై బ్రేకు పట్టిన పిమ్మట సుమారు 25 మీటర్లలో ఆగును. అణగి గట్టిపడిన మంచుపై ఆ గుణకము 0.2కు దిగినచో 100 మీటర్లు పట్టును. నున్నని మంచుగడ్డపై 0.1 అయినచో 200 మీటర్లు దాటును. నడుపువాని మనస్సు మేలుకొని కాలు బ్రేకును చేరులోపల గడచు దూరము ఈ లెక్కలో చేరలేదు. వేగమును సగము చేసినచో మాత్రము ఆగు దూరము నాలుగవ వంతునకు తగ్గును. మంచుబాటపై మానవునికి మిగిలిన ఔషధములలో ఇంత గుణకారి మరియొకటి లేదు.

కఠోరమైన చలికంటె, సున్నా డిగ్రీల చెంత నున్న మంచుగడ్డయే మిక్కిలి జారును. దాని ఉపరితలమున పలుచని నీటిపొర యుండుటయే హేతువు. వంతెనలు క్రిందినుండియు పైనుండియు గాలి తగులుటచే తక్కిన బాటకంటె ముందుగా గడ్డకట్టును. డెట్రాయిట్ నగరము క్రింద వేయి అడుగులకు మించిన లోతున గొప్ప ఉప్పుగని కలదు. ఆ ఉప్పే బాటలపై చల్లుదురు. అయినను చలి సున్నాకు 9 డిగ్రీలు దిగిన పిమ్మట సామాన్యపు ఉప్పు మంచును కరగించు శక్తిని చాలవరకు కోల్పోవును. ఉప్పు చల్లిన బాట గదా యని ధీమాపడరాదు.

ఇక నడుపు తీరు. నిండుబిందె నెత్తిన నుంచుకొని చెరువుగట్టున నడచు ఇల్లాలి మెడ ఎట్లు ఎన్నడును కుదుపు నెరుగదో, మంచుబాటపై నడుపువాని కాళ్లుచేతులు అట్లుండవలెను. రెండవ గేరులో మెల్లగా కదలుట, నేరుబాటలోనే వేగము తగ్గించి అటుపిమ్మట మలుపులో ప్రవేశించుట, మలుపు ముగిసి చక్రములు నిలువైన వెనుకనే యాక్సిలరేటరును కొలదికొలదిగా త్రొక్కుట అలవరచుకొనవలెను. నిలుపుటయు మలుపుటయు ఏకకాలమున కోరరాదు. టైరునకు గల పట్టు ఒక్కటే, దానిని ఒక పనికి వెచ్చించిన కొలది రెండవదానికి కొరవడును. క్రూజ్ కంట్రోలును తాకనే రాదు.

ఇంత చేసినను తోక జారినచో, చూపును పోవలసిన దారిపై నిలుపుము. చేతులు చూపును అనుసరించును. యాక్సిలరేటరును మెల్లగా సడలించి, క్లచ్చి గల బండియైనచో దానిని త్రొక్కి, తోక జారిన దిక్కునకే స్టీరింగును త్రిప్పవలెను. ఎక్కువమంది తప్పునది దీని తరువాతి క్షణముననే: బండి సరియగుట ఆరంభింపగనే స్టీరింగును వెంటనే నిలువునకు తేవలెను. ఆలస్యమైనచో తోక రెండవ ప్రక్కకు మొదటికంటె బలముగా విసరును, దానిని పట్టుట నిపుణులకును దుర్ఘటము.

యంత్రసహాయము లేకపోలేదు. చక్రములు బిగుసుకొనకుండ బ్రేకును పలుమార్లు పట్టి విడుచు ఏ.బి.ఎస్. పద్ధతిని బాష్ సంస్థ 1978లో మెర్సిడెస్ కారున అమర్చెను; జారుటను పసిగట్టి ఒక్కొక్క చక్రమును వేరువేరుగా నిరోధించు స్థిరతా నియంత్రణము 1995లో వచ్చెను; 2012 నమూనాలనుండి అమెరికాలో అన్ని కార్లకును అది విధియయ్యెను. ఇవి ఎందరి ప్రాణములనో కాపాడినవి. కాని ఉన్న పట్టును పొదుపుగా వాడుట వాటి పని. లేని పట్టును సృష్టింపజాలవు.

పట్టును నిజముగా పెంచగలది టైరొక్కటే. మస్టాంగు వంటి వేగపు కార్లలో కొన్నిటికి కర్మాగారమందే వేసవి టైర్లు తొడుగుదురు. 7 డిగ్రీలకు దిగువ వాటి రబ్బరు కరడుగట్టి, మంచు లేని పొడి బాటపై సైతము పట్టు తగ్గును. మంచు కొరకే టైరు చేయవలెనను ఊహ ఫిన్లాండునుండి వచ్చినది. నోకియా పట్టణపు కర్మాగారము 1934లో లారీలకు, 1936లో కార్లకు అట్టివి చేసెను. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రమున డిసెంబరు 1 మొదలు మార్చి 15 వరకు అవి చట్టరీత్యా విధి. మిషిగన్‌లో అట్టి నిర్బంధము లేదు, అందుచే ఆ వ్యయము వ్యర్థమని మనవారు తలపరాదు. బలము వెనుక గదా యని వెనుక రెండిటికే తొడుగుట మరియొక తప్పు. అట్లు చేసినచో బండి కదలునే గాని తిరుగదు, ముందు చక్రములు ఆగవు. నాలుగిటికిని తొడుగవలెను. వెనుక ఇరుసు మీదుగా ఇసుకమూటలను కదలకుండ కట్టియుంచుట ఉత్తరదేశపు పాత అలవాటు. అది బరువునకును, చిక్కుపడినప్పుడు చక్రముల క్రింద చల్లుటకును ఉపకరించును.

స్వదేశమున మంచు లేకున్నను ఈ విచారము నిరుపయోగము కాదు. నెలల తరబడి బాటపై పేరుకొన్న నూనెయు రబ్బరుపొడియు తొలివాన చినుకులతో కలిసి జిడ్డుగా మారును. గట్టి వానలో నిలిచిన నీటిపై టైరు తేలిపోవును. విమానపు టైర్లకై నాసా శాస్త్రజ్ఞులు కట్టిన లెక్క ప్రకారము 32 పౌనుల గాలి గల టైరు గంటకు 94 కిలోమీటర్ల చెంత తేలుట కారంభించును; అరిగిన టైరు అంతకు ముందే తేలును. హైదరాబాదు బాహ్యవలయ రహదారిపై వర్షమున దూసుకుపోవువారు ఈ సంఖ్యను జ్ఞప్తియం దుంచుకొందురు గాక.

శిక్షణను గూర్చి నార్వే అనుభవము చెప్పదగినది. 1979లో ఆ దేశము నూతన చోదకులకు జారుడు నేలపై బండిని అదుపుచేయు శిక్షణను విధియొనర్చెను. తరువాత పరిశీలింపగా, యువకులలో జారుడు బాటల ప్రమాదములు తగ్గుటకు మారుగా పెరిగినవని తేలెను. నేర్చిన విద్య కంటె దానివలన కలిగిన ధైర్యము అధికమయ్యెను. స్వీడన్‌లో నేడు లైసెన్సు కోరువారందరు జారుడు బాటపై నడిపి చూడవలసియున్నను, అక్కడి ముఖ్యోద్దేశము పట్టు ఎంత స్వల్పవేగముననే తప్పునో విద్యార్థికి అనుభవమునకు తెచ్చుటయే. మన యువకులకు నేను కోరునదియు అట్టి శిక్షణనే.

మిషిగన్‌లో మస్టాంగు గలవారు అనేకులు నవంబరులో దానిని షెడ్డున నుంచి, ఇంధనపు తొట్టి నింపి, బ్యాటరీకి చార్జరు తగిలించి, చలికాలమంతయు వేరొక సామాన్యపు కారును వాడుకొందురు. రెండవ కారు కొనగల స్థోమత యున్నవారికి ఇది ఉత్తమమార్గము. ఏప్రిల్‌లో దానిని వెలికి తీసిన తొలి దినములలో మాత్రము మలుపుల వద్ద శీతకాలపు ఇసుకయు ఉప్పును ఇంకను మిగిలియుండును, ప్రాతఃకాలమున వేసవి టైర్లు వేడెక్కియుండవు. కావున ఆ వారమంతయు యాక్సిలరేటరును డిసెంబరులో వలెనే త్రొక్కవలెను.