డాకరు లేని కుబర్నెటీస్

మన ఇళ్ళలో పిల్లలు చాలామంది బెంగుళూరులోనో పుణేలోనో కంప్యూటరు కొలువుల్లో ఉన్నారు. వాళ్ళ నోట "కంటెయినర్" అన్న మాట తరచు వినబడుతుంది. అది చెన్నపట్నం రేవులో కనబడే ఇనుపపెట్టె కాదు గాని, పోలిక అక్కడిదే. ఒక ప్రోగ్రామునూ, దానికి కావలసిన సరంజామానూ ఒక్క మూటగా కట్టి, ఏ యంత్రం మీదనైనా విప్పి నడిపించే పద్ధతి అది. ఈ మూటలను పలు యంత్రాలకు పంచి, ఆగిపోయినదాన్ని తిరిగి లేపే పెత్తనం కుబర్నెటీస్‌ది. గ్రీకులో ఆ మాటకు చుక్కాని పట్టేవాడని అర్థం. గూగుల్ వారు 2014లో దీన్ని బయటపెట్టారు.

అయితే పెత్తందారు తన చేత్తో మూట విప్పడు. విప్పే పనివాణ్ణి రన్‌టైమ్ అంటారు. మొదట్లో ఆ పని డాకరుది. డాకరు 2013లోనే వచ్చింది, దాని భాష వేరు. అందుచేత మధ్య డాకర్‌షిమ్ అనే దుబాసీ ఉండేవాడు. 2016 డిసెంబరులో సి.ఆర్.ఐ. అనే ఒడంబడిక వచ్చింది. ఆ ప్రకారం మాట్లాడగల ఎవరైనా కొలువులో చేరవచ్చు. కంటెయినర్-డి, క్రై-ఓ అట్లా చేరినవే. 2020 డిసెంబరులో దుబాసీకి నోటీసు ఇచ్చి, 2022 మే నెలలో 1.24వ కూర్పుతో తీసివేశారు.

అప్పుడు పుట్టిన గాభరా ఇంతా అంతా కాదు. నేను పనిచేసే కచేరీలో రికార్డులన్నీ ఈ మూటల్లోనే నడుస్తాయి. పాత మూటలు ఇక పనికిరావు, అన్నిటినీ తిరిగి కట్టాలంటూ ఒక కంట్రాక్టరు పెద్ద అంచనా పట్టుకు వచ్చాడు. అది నిజం కాదు. 2015లో ఏర్పడిన ఓ.సి.ఐ. మూటకు ఒక కొలత నిర్ణయించింది. డాకరుతో కట్టినదాన్ని కంటెయినర్-డి అట్లాగే విప్పుతుంది. అసలు డాకరు కూడా లోపల ఆ పని చేయించేది కంటెయినర్-డి చేతనే! నేరుగా డాకరుతో మాట్లాడే ప్రోగ్రాములు ఏవైనా ఉంటే వాటిని మాత్రం సరిచేసుకోవాలి. మా దగ్గర అటువంటివి రెండే తేలాయి. అంచనా కాగితం ఫైల్లోకి పోయింది.

ఇక ఏర్పాటు. ప్రధాన యంత్రానికి 2 జి.బి. మెమరీ, 2 సి.పి.యు.లు కనీసం ఉండాలి. స్వాప్ ఆపివేయాలి, లేకుంటే మామూలుగా క్యూబ్‌లెట్ మొరాయిస్తుంది. ఐ.పి. ఫార్వర్డింగు తెరవాలి. తరువాత కంటెయినర్-డి పెట్టాలి. చిక్కంతా ఇక్కడే. డాకరు వారి భాండాగారం నుంచి తెచ్చుకున్న పొట్లంలో సి.ఆర్.ఐ. భాగం మూసి ఉంటుంది. కాన్ఫిగ్ ఫైలులో ఆ అడ్డు తీయాలి. రెండోది సి-గ్రూపు. ఏ మూటకు ఎంత మెమరీ, ఎంత సి.పి.యు. అన్న రేషను లెక్క అది. క్యూబ్‌లెట్ సిస్టమ్-డి చేత లెక్క రాయిస్తూంటే, కంటెయినర్-డి వేరే ఖాతా తెరవకూడదు. ఒకే సరుకుకు రెండు ఖాతాలుంటే ఏమవుతుందో గుమాస్తాలకు వేరే చెప్పాలా! రద్దీ పెరిగినప్పుడు యంత్రం తడబడుతుంది. కనుక "సిస్టమ్-డి సి-గ్రూప్" అన్నచోట "ట్రూ" అని రాసి, కంటెయినర్-డిని మళ్ళీ మొదలుపెట్టాలి.

ఆపైన "క్యూబ్ఎడిఎమ్ ఇనిట్". ఒకే యంత్రంలో రెండు రన్‌టైములుంటే ఏది కావాలో సాకెట్ పేరుతో చెప్పాలి. తక్కిన యంత్రాలను చేర్చుకునే టోకెను మామూలుగా 24 గంటలే చెల్లుతుంది. నెట్‌వర్కు ప్లగిన్, ఫ్లానెల్ గాని కాలికో గాని, పెట్టేదాకా యంత్రాలు "నాట్ రెడీ" అనే చెబుతాయి. అందుకు కంగారు అక్కరలేదు.

పాత యంత్రాలను ఒక్కొక్కటిగా ఖాళీ చేసి మార్చాలి, అన్నీ ఒకేసారి కాదు. మూటల సంగతి చూడటానికి ఇక "డాకర్ పి.ఎస్." ఉండదు, "క్రై సి.టి.ఎల్. పి.ఎస్." వాడాలి. యంత్రాల జాబితా వివరంగా అడిగితే, చివరి గడిలో రన్‌టైము పేరు కనబడుతుంది. మా కచేరీలో ఇప్పుడు అన్ని వరుసల్లోనూ కంటెయినర్-డి అనే ఉన్నది.