పుచ్చకాయ పక్వమైనదని తెలియుట యెట్లు?

మామిడికాయను గడ్డిలో మాగవేసినచో పండును, అరటిగెలయు నట్లే. వానిలో నిలువయున్న పిండిపదార్థము కోసిన పిదప చక్కెరగా మారుటయే యిందుకు కారణము. పుచ్చకాయకు అట్టి నిలువ లేదు. తీగ పంపిన తీపియే దాని తీపి. తొడిమ తెగినంతనే ఆ రాకడ ఆగిపోవును. కావున తొందరపడి కోసిన కాయ యెన్నినాళ్ళుంచినను తియ్యబడదు. మూడు నెలలు నీరు కట్టి పెంచిన రైతు కడపటి వారము ఓపిక పట్టనిచో ఆ శ్రమ చాలవఱకు వ్యర్థమగును. సంతలో చప్పని కాయ కొన్నవాడు మరల ఆ రాశి చెంతకు రాడు.

మన తారానగరమున కన్నడ సోదరులు దీనిని కల్లంగడి యందురు. మనము పుచ్చకాయ యందుము. పేరేదైనను పరీక్ష లొక్కటే.

మొదటిది, నులితీగ. కాయ తొడిమ పుట్టిన కణుపునందే చుట్టలు చుట్టుకొన్న సన్నని తీగ యొకటి యుండును. అది పచ్చగానున్నంతవఱకు కాయను ముట్టరాదు. అది గోధుమవన్నె కెక్కి పూర్తిగా ఎండిన పిమ్మట కాయ కోతకు వచ్చినదని తలంపవచ్చును.

రెండవది, నేల నానుకొన్న మచ్చ. పచ్చికాయయందు అది తెల్లగానుండును. పండినకొలది మీగడరంగునకును, పిదప పసుపురంగునకును తిరుగును. చూచుటకై కాయను మెల్లగా ఒత్తిగింపవలెను, తీగ మెలిపడరాదు.

మూడవది, పైతోలు. పక్వమైన కాయ నిగనిగ తగ్గి మసకబారును.

నాలుగవది, చప్పుడు. వ్రేలితో తట్టినపుడు పచ్చికాయ ఖంగుమనును; పండినది మందముగా పలుకును. అయితే మిక్కిలి ముదిరిన కాయయు మందముగనే పలుకును గనుక చప్పుడొక్కటే ప్రమాణము కాదు. ఈ గుర్తులలో రెండు మూడైనను కలిసినపుడే కోయుట మేలు.

ఖర్బూజా తీరు వేఱు. అది పండినపుడు తొడిమ మొదట సన్నని పగులు ఏర్పడి, కొంచెము కదల్చినంతనే కాయ తీగను వీడును, సువాసనయు వెడలును. మృత్యుంజయ మంత్రమున దోసపండు బంధమునుండి విడివడుటను ఉపమానముగా చెప్పిన ఋషి తీగను శ్రద్ధగా పరిశీలించినవాడే. కోసిన పిదప ఖర్బూజా మెత్తబడును, పరిమళించును. కాని దాని తీపియు పెరుగదు.

బాలబాలికలారా! మీ పెరటిలో పుచ్చతీగ యున్నచో, అడుగున చిన్న పిందె గల పూవు ఆడుపూవని యెఱుంగుడు. అది విచ్చిన దినమును ఒక పుల్లపై వ్రాసి చెంత గ్రుచ్చుడు. రకమును, ఎండను బట్టి యించుమించు 30 మొదలు 40 దినములలో కాయ పక్వమగును. ముప్పదవ నాటినుండి ప్రతిదినము నులితీగను చూచి వ్రాసికొనుడు. కత్తితో గాటుపెట్టి లోన చూడకుడు. గాటుపడిన కాయ కుళ్ళును. మీరు వ్రాసిన ఆ లెక్క వచ్చు వేసవిలో మీ యింటివారికి ఉపకరించును.