సోరియాసిస్ అంటువ్యాధి కాదు
మండుటెండలోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకుని, ఆరాధన ముగియగానే ఎవరికీ చేయి కలపకుండా వెళ్లిపోయే సహోదరుడు మన సంఘంలో ఉండవచ్చు. కారణం సోరియాసిస్ కావచ్చు. నెల రోజులు పట్టే చర్మకణాల ఎదుగుదల, రోగనిరోధక వ్యవస్థ గతి తప్పడంతో కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది. అందుకే ఆ ఎర్రని మచ్చలు, తెల్లని పొలుసులు. పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. అయినా పూతమందులు, కాంతి చికిత్స, మాత్రలు, ఇంజెక్షన్లతో చాలామందికి అదుపులో ఉంటుంది. ఎవరో చెప్పారని స్టెరాయిడ్ మాత్రలు వాడి హఠాత్తుగా మానేస్తే వ్యాధి తిరగబెట్టి ముదరవచ్చు. కీళ్ల నొప్పులుంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. ఈ వ్యాధి తాకితే అంటుకోదు. వచ్చే ఆదివారం ఆ సహోదరునికి మనమే ముందుగా చేయి కలుపుదాం.